కాలి కింద కాగితం

మా మనవరాలు నిహారికకు ఆ జబ్బు నేను అంటించింది కాదట. డాక్టర్ సులోచన గారు ఈ మాట నాకు కనీసం పదిసార్లు చెప్పారు. పదిసార్లు చెప్పించుకున్నానంటే నా మనసులో ఏముందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నా పేరు కమలాకుమారి. మావాళ్ళది గుంటూరు వైపు. పెళ్ళైన కొత్తలో హైదరాబాద్ వచ్చి, రాంనగర్‌లో ఒక స్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. నా క్లాసులో అల్లరి చేస్తే క్షమించేదాన్ని. హోంవర్క్ చేయకపోయినా ఒక్కోసారి చూసీచూడనట్టు వదిలేసేదాన్ని. పుస్తకానికి కాలు తగిలితే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. "కళ్ళకద్దుకో! సరస్వతీదేవిని తొక్కుతావా?" అని నేను కేకేస్తే పక్క క్లాసు పిల్లలు కూడా కాళ్ళు దగ్గరకు లాక్కునేవారు. ఇంట్లోనూ అదే చట్టం. మా అబ్బాయి వినయ్‌కు నలభై ఏళ్ళు. న్యూస్ పేపరుకు కాలు తగిలితే ఇప్పటికీ ఒకసారి నా వైపు చూసి మరీ కళ్ళకద్దుకుంటాడు. మనవరాలికి సరిగ్గా మాటలు రాకముందే ఆ పని నేర్పాను. బుల్లి చేతులతో పుస్తకాన్ని తాకి కళ్ళు గట్టిగా మూసుకునేది. దాన్ని ఫోన్లో తీసి చుట్టాలందరికీ పంపాను.

మేముండేది అశోక్‌నగర్‌లో. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు, వాళ్ళ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, జిరాక్సు షాపులు, మెస్సులు, ఇదే మా పేట. పొద్దున లేచి చూస్తే వీధి వీధంతా కరపత్రాలే. గ్రూప్స్ కొత్త బ్యాచ్, కానిస్టేబుల్ మోడల్ టెస్టులు, లేడీస్ హాస్టల్, ఇంటి భోజనం. ఒకడు పంచుతాడు, తీసుకున్నవాడు పదడుగులు వేసి పారేస్తాడు. కాగితమంటే సరస్వతి అని నూరిపోసిన పిల్లను ఇలాంటి వీధిలో పెంచుతున్నామన్న సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

పోయినేడు జూన్‌లో నిహారిక మూడో తరగతికి వచ్చింది. స్కూలు చిక్కడపల్లి వైపు, నడిస్తే పది నిమిషాలు. తీసుకెళ్ళే పని నాది. ఒకరోజు దాని కాలు ఒక కరపత్రం మీద పడింది. ఆగింది, వంగింది, తాకి కళ్ళకద్దుకుంది. పక్కనే ఉన్న టీ బండి ఆయన "మస్తు మంచిగ పెంచిన్రమ్మా పాపను" అన్నాడు. నేను ఒక జానెడు పొడుగు పెరిగి నడిచాను.

జూలై వచ్చేసరికి ఒకసారి అద్దుకోవడం మూడుసార్లు అయింది. కుడి కన్ను, ఎడమ కన్ను, మళ్ళీ కుడి. సరిగ్గా తగల్లేదనిపిస్తే మళ్ళీ మొదటి నుంచి. తొక్కకపోయినా, తొక్కానేమో అన్న అనుమానం వస్తే వెనక్కి వెళ్ళి మరీ దండం పెట్టి వచ్చేది. పది నిమిషాల దారి నలభై నిమిషాలైంది. స్కూలు డైరీలో 'ఆలస్యం' అని ఎర్ర ఇంకుతో రాసి పంపడం మొదలుపెట్టారు.

మా కోడలు సంయుక్తకు కోఠీలో బ్యాంకు ఉద్యోగం. మెట్రోలో వెళ్ళి వస్తుంది. తక్కువ మాటల మనిషి. ఒకరోజు భోజనాల దగ్గర నెమ్మదిగా అంది, "అత్తయ్యా, ఇది భక్తి కాదేమో. దాని ముఖం చూడండి, భయపడుతోంది. ఎవరికైనా చూపిద్దాం."

నేనేమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "నీకు దేవుడికి దండం పెట్టే తీరిక లేదు కాబట్టి, పిల్ల భక్తి నీకు రోగంలా కనిపిస్తోంది" అన్నాను. సంయుక్త కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. వినయ్ తలెత్తకుండా పెరుగన్నం కలుపుతూ కూర్చున్నాడు. ఎప్పుడో కలిసిపోయిన అన్నాన్ని అలా కలుపుతూనే ఉన్నాడు.

అలాగని నేనేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పిల్ల అవస్థ నాకూ కనబడుతూనే ఉంది. నాకు తెలిసిన పద్ధతిలో సాయం మొదలుపెట్టాను. పొద్దున ఏడింటికే ఒక సంచి పట్టుకుని వీధిలోకి దిగి, స్కూలు దాకా కరపత్రాలన్నీ ఏరేదాన్ని. మా వీధి ఊడ్చే ఆశమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, "ఏందమ్మా, నా నౌకరి నువ్వు చేస్తున్నవు?" అంది. ఆమెతో మాట్లాడి, ముందు మా దారి ఊడ్చేలా ఒప్పించాను. అందుకు రోజూ ఒక గ్లాసు కాఫీ. కరపత్రాలు పంచేవాళ్ళతో నడిరోడ్డు మీద తగవుకు దిగాను. ఇంట్లో పేపరు వేయించుకోవడం మానేశాం. పుస్తకాలన్నీ అటకెక్కాయి.

ఇంకొకటి కూడా చేసేదాన్ని. "నానమ్మా, అమ్మకేం కాదు కదా?" అని నిహారిక మాటిమాటికీ అడిగేది. కాగితాలకూ వాళ్ళమ్మకూ సంబంధమేమిటో నేను అడగలేదు. "ఏం కాదు బంగారం" అనేదాన్ని. అది రోజుకు నలభైసార్లు అడిగితే నలభైసార్లూ చెప్పేదాన్ని. విసుక్కోకుండా చెబుతున్నందుకు నన్ను నేనే మెచ్చుకునేదాన్ని కూడా.

విచిత్రమేమిటంటే వీధి ఎంత శుభ్రమైతే పిల్లకు అంత చిన్న ముక్క కనిపించేది. చాక్లెట్ కాగితం మీది పేరు, చిరిగిన బస్సు టికెట్, మ్యాన్‌హోల్ మూత మీది అంకెలు. నవంబర్‌లో ఒక శనివారం మధ్యాహ్నం బాల్కనీ మూలన కూర్చుని ఏదో గీకుతోంది. దగ్గరికెళ్ళి చూశాను. స్కూలు బూటు లోపల, పాదం ఆనే చోట, కంపెనీ పేరు అచ్చు వేసి ఉంది. ఆ అక్షరాలను గోళ్ళతో గీకేస్తోంది. రెండు వేళ్ళకు రక్తం కారుతోంది.

"ఇన్ని రోజులూ అక్షరాల మీదే నిల్చున్నా నానమ్మా," అంది వెక్కుతూ. "ప్రేయర్లో కూడా. అన్నం తినేటప్పుడు కూడా. సరస్వతీదేవికి కోపం వచ్చి అమ్మ ఇంటికి రాకపోతే, అది నా వల్లే."

దాని వేళ్ళు కడిగి గుడ్డ చుట్టాను. సంయుక్తకు ఫోన్ చేసి, "వచ్చెయ్యమ్మా, నువ్వు చెప్పావే, ఎవరికైనా చూపిద్దామని, వెళ్దాం" అన్నాను. 'నేనప్పుడే చెప్పాను' అని సంయుక్త ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, ఇప్పటిదాకా అనలేదు. నేనైతే జీవితాంతం అంటూనే ఉండేదాన్ని.

సులోచన గారు పిల్లల మనసు జబ్బులు చూసే డాక్టర్. నారాయణగూడలో ఒక మందుల షాపు పైన ఉంటారు. వనపర్తి వైపు మనిషి. నిహారికతో అరగంట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మాట్లాడారు.

"నీ తలకాయల ఎవరో కూసోని నీకు హుకుం చేస్తున్నరు కద బిడ్డా? గది చెయ్యి, మల్లొకసారి చెయ్యి అని? దానికి మనం ఒక పేరు పెడదామా?"

"బెత్తం టీచర్" అంది నిహారిక. నా వైపు చూడకుండా అంది. కుర్చీలో నాకు ఎక్కడో గుచ్చుకున్నట్టయింది. నేను బెత్తం పట్టి కొట్టింది మొత్తం సర్వీసులో మూడు నాలుగుసార్లే అని గొంతు దాకా వచ్చింది కానీ, అడిగినవాళ్ళెవరు?

పిల్లను వినయ్‌తో బయట కూర్చోబెట్టి మాతో మాట్లాడారు. "దీన్ని ఓసీడీ అంటరు. వద్దనుకున్నా అదే భయం, అదే పని మల్ల మల్ల చేపిస్తది. చిన్న పిల్లలకు గూడ వస్తది. మీరు నేర్పిన ఆచారం వల్ల వచ్చింది కాదమ్మా. అది ఏదో ఒకదాన్ని పట్టుకుంటది. మీ ఇంట్ల కాగితం దొరికింది, ఇంకో ఇంట్ల గ్యాస్ స్టవ్ దొరుకుతది. కానీ మీరు రోడ్డు సాఫ్ చేపిస్తున్నరు, నలభైసార్లు ఏం కాదని చెప్తున్నరు. అదంత ఆ బెత్తం టీచర్‌కు మేత. పిల్లకు ఏం అర్థమైతది? నిజంగనే ప్రమాదం ఉన్నది, అందుకే నానమ్మ గింత పరేషాన్ అయితున్నది అని."

నాకు ఒళ్ళు మండింది. "అంటే సరస్వతీదేవిని తొక్కమంటారా?" అన్నాను.

"పుస్తకం తొక్కమంటలేనమ్మా. పుస్తకానికి కాలు తగిలితే ఒక్కసారి కళ్ళకద్దుకోని పోతం. నేను గూడ అద్దుకుంట. మరి మీరు కూరగాయలకు పోయేటప్పుడు రోడ్డు మీది కరపత్రాలన్నిటికి దండం పెట్టుకుంట పోతరా?"

నలభై ఏళ్ళకు పైగా ఈ వీధుల్లో తిరుగుతున్నాను. ఎన్ని వేల కరపత్రాలు తొక్కి ఉంటానో! ఒక్కదానికీ వంగలేదు. అసలు అవి నా కంటికి ఆనితే కదా.

మెట్ల బొమ్మ ఒకటి గీసి ఇచ్చారు సులోచన గారు. అన్నిటికంటే కిందిది తేలిక, పైకి వెళ్ళేకొద్దీ కష్టం. బూట్లు వేసుకుని ఐదు నిమిషాలు కూర్చోవడం మొదటి మెట్టు. ప్రతి మెట్టు దగ్గరా భయానికి పదికి ఎన్ని మార్కులో నిహారిక చెప్పాలి. వంగాలనిపించినా వంగకూడదు. భయం పెరుగుతుంది, కాసేపు నిలబడుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. దిగేదాకా పక్కన కూర్చోవడమే ఇంట్లోవాళ్ళ పని. "అమ్మకేం కాదు కదా" అంటే, ఏం కాదు అని మాత్రం అనకూడదు.

సంయుక్త సాయంత్రం వచ్చి ఆఫీసు బట్టలు కూడా మార్చకుండా నేల మీద కూర్చునేది. ఎదురుగా ఒక పాత కరపత్రం. నిహారిక దాని మీద బొటనవేలు ఆనించి ఏడ్చేది.

"ఎన్ని మార్కులు?"

"తొమ్మిది."

"ఇప్పుడు?"

"తొమ్మిదే!"

"ఇప్పుడు?"

"...ఏడున్నర."

పిల్ల భయమంతా ఆ తల్లి గురించే. ఆ తల్లే ఎదురుగా కూర్చుని ఆ భయం దిగేదాకా ఆగేది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు మాత్రం మారనిచ్చేది కాదు. నేను చూడలేక వంటింట్లోకి పారిపోయి, గోడకు ఆనుకుని వినేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. ఒక పిల్ల పక్కన ఓపిగ్గా ఉండటమంటే ఏమిటో ఆ గోడ దగ్గర నిలబడి నేర్చుకున్నాను.

జనవరికి ఇంట్లో మెట్లన్నీ ఎక్కేసింది. బూట్లు వేసుకుంటోంది. పేపరు మళ్ళీ వేయించుకుంటున్నాం. వీధి దగ్గరే పని ఆగిపోయింది. స్కూలుకు వెళ్ళాలంటే వినయ్ స్కూటర్ మీద దింపాల్సిందే, గేటు దాటి కాలు కింద పెట్టేది కాదు. ఎందుకని సులోచన గారు అడిగితే ఒకే మాట చెప్పింది, "నానమ్మ తొక్కదుగా."

నిజమే. ఇది మొదలైన దగ్గర నుంచీ, పిల్ల చెయ్యి పట్టుకుని నడిచినప్పుడల్లా నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, కాగితాలను తప్పించుకుంటూ నడిచాను. అది అంతా చూసింది.

"ఆ మెట్టు ముందుగాల మీరు ఎక్కాలమ్మా," అన్నారు సులోచన గారు.

రెండు రోజులు వాయిదా వేశాను. చూడకుండా తొక్కడం వేరు, చూసి, అనుకుని, పాదం పెట్టడం వేరు. రెండో రోజు దేవుడి ముందు కూర్చుని, "తప్పయితే నన్నడుగమ్మా, దాన్నడక్కు" అని చెప్పుకున్నాను. మూడో రోజు ఆశమ్మ దగ్గరికెళ్ళి, రేపట్నుంచి మా దారి ఊడ్వొద్దన్నాను.

ఆశమ్మ చీపురు ఆపేసింది. "నిన్నటిదాంక ఊడ్వు ఊడ్వు అని పాణం తిన్నది నువ్వే, ఇయ్యాల వద్దనేది నువ్వే. జర ఒక్క మాట మీద ఉండమ్మా! మా మున్సిపాలిటీ సారొచ్చి అడిగితే నేనేం చెప్పాలె?"

"పిల్ల స్కూలుకు వెళ్ళేదాకా ఆగు చాలు."

"గట్లయితే కాఫీ బందా?"

"రెండు గ్లాసులు తెస్తాను తల్లీ," అన్నాను.

మర్నాడు పొద్దున వీధి నిండా పచ్చ కరపత్రాలు, ఏదో కొత్త బ్యాచ్ మొదలవుతోందట. నిహారిక గేటు పట్టుకుని ఆగిపోయింది. సంయుక్త దానికి టాటా చెప్పి మెట్రో వైపు వెళ్ళింది. నేను పిల్ల చెయ్యి వదిలి నాలుగడుగులు ముందుకు వేసి, ఒక పచ్చ కాగితం మీద కుడికాలు పెట్టాను, మడమతో సహా.

నా చెయ్యి దానంతటదే లేచింది. నడుం వంగబోయింది. ఆపుకుని చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను. వంగి ఒక్కసారి తాకితే పోయేదానికి ఎందుకొచ్చిన బాధ అనిపించింది. అరవై ఏడేళ్ళ మనిషిని, ఏమీ కాదని తెలిసినదాన్ని, నాకే ఇలా ఉంది. ఈ ఎనిమిదేళ్ళ పిల్ల ఇన్ని నెలలుగా, రోజుకు వందసార్లు, వాళ్ళమ్మ ప్రాణం తన చేతిలో ఉందనుకుంటూ దీన్ని మోసింది. నేను దాన్ని భక్తి అని ఫొటోలు తీశాను.

"నానమ్మా, తొక్కావు!"

"ఊఁ. తొక్కాను."

"కళ్ళకద్దుకోవా?"

"అద్దుకోను."

నా ముఖంలోకి పరీక్షగా చూసింది. "నీకెన్ని మార్కులు?"

"ఎనిమిది," అన్నాను. నిజమే చెప్పాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. నానమ్మకు కూడా భయం వేస్తుందని దానికి అంతవరకూ తెలియదు.

"అమ్మకేం కాదు కదా?"

'ఏం కాదు బంగారం' అని నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను. "నాకు తెలీదమ్మా. సాయంత్రం చూద్దాం," అన్నాను. అన్నాక నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. పిల్ల గేటు పట్టుకుని భోరుమంది. మెస్ ముందు టిఫిన్ కోసం నిల్చున్న హాస్టల్ పిల్లలు అందరూ ఇటే చూస్తున్నారు. ఒకమ్మాయి దగ్గరికొచ్చి "ఏమైందమ్మా, పాపను కొట్టిన్రా?" అని నన్ను నిలదీసింది. నేను కదల్లేదు. ఆ కాగితం మీదే నిలబడ్డాను. పిల్ల ఏడుపు తగ్గడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

అప్పుడు నిహారిక ముక్కు తుడుచుకుని, గేటు వదిలి, నా పక్కకు వచ్చి ఇంకో పచ్చ కాగితం మీద బూటు పెట్టింది. రెండు చేతులూ నాలాగే వెనక్కి కట్టుకుంది.

"నాకు తొమ్మిది," అంది.

"నాకు ఐదుకొచ్చింది."

"అప్పుడే?" అంది కోపంగా, నేనేదో కాపీ కొట్టినట్టు.

అలా మార్కులు చెప్పుకుంటూ స్కూలు దాకా నడిచాం. గేటు దగ్గర దానికి నాలుగు. డైరీలో మళ్ళీ ఎర్ర ఇంకు పడింది. ఆ పేజీకి నాకు పూలదండ వేయాలనిపించింది. సాయంత్రం సంయుక్త మామూలు వేళకే వచ్చింది. పిల్ల పరిగెత్తుకెళ్ళి నడుం పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జబ్బు పోయిందని నేను అనను, సులోచన గారు నన్ను ఆ మాట అననివ్వరు. మార్చి పరీక్షల ముందు బెత్తం టీచర్ మళ్ళీ వచ్చి, ఒక వారం ఉండి వెళ్ళింది. మళ్ళీ నేల మీద కూర్చున్నాం, మళ్ళీ మార్కులు లెక్కపెట్టాం. సులోచన గారికి నేను చేతులెత్తి దండం పెడతాను. పొద్దున్నే కాగితాల మధ్య నన్ను చూసి నవ్వే ఆశమ్మకూ పెడతాను. పిల్లను కొట్టారా అని నన్ను నిలదీసిన ఆ పేరు తెలియని హాస్టల్ అమ్మాయికి కూడా పెడతాను. పరాయి పిల్ల కోసం అడిగే మనుషులు ఇంకా మా వీధిలో ఉన్నారు.

పోయిన నెల ఒక శుక్రవారం పెద్ద వాన. సంయుక్తకు గంటన్నర ఆలస్యమైంది, ఫోన్ కూడా పలకడం లేదు. నేను గడియారం వైపూ నిహారిక వైపూ మార్చిమార్చి చూస్తున్నాను. ఇప్పుడడుగుతుంది, ఇంకాసేపట్లో అడుగుతుంది అని నా మనసులో జవాబు కూడదీసుకుంటున్నాను. అది బోర్లా పడుకుని బొమ్మకు రంగులేసుకుంటోంది.

సంయుక్త మూడంతస్తుల మెట్లు పరుగున ఎక్కి వచ్చి, తడిసి ముద్దయి, ఊపిరాడక గుమ్మంలో నిలబడింది. పిల్ల ఎలా ఉందోనన్న భయం ముఖం నిండా ఉంది. నిహారిక తల కూడా ఎత్తలేదు.

"అమ్మా, వాటర్ బాటిల్ స్కూల్లో మర్చిపోయా. తిట్టకు," అంది.

సంయుక్త ఆ గుమ్మంలోనే కూలబడింది. తడి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను తువ్వాలు తెచ్చి తల తుడిచాను. పెళ్ళై పదకొండేళ్ళయినా నేను ఆమె తల మీద చెయ్యి వేసింది అదే మొదటిసారి.

"నువ్వు చూశావమ్మా," అన్నాను. "ఇంట్లో ఇంతమందిమి ఉండి మేమెవరం చూడలేదు. నేను అంత మాట అన్నాక కూడా నువ్వు దాన్ని వదల్లేదు. పిల్లను మాకు తిరిగి తెచ్చి ఇచ్చావు." అదే తువ్వాలుతో నా కళ్ళూ తుడుచుకున్నాను. సంయుక్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోపల్నుంచి నిహారిక పెన్సిల్ కింద పడేసి విసుక్కుంది. "అబ్బా, రేపు తెచ్చేస్తా అంటున్నాగా! ఒక్క బాటిల్‌కి ఇద్దరూ ఏడవాలా?"